అడుగున పోసిన బొగ్గు

పరీక్ష రాయడానికి నేను ఒక మనిషిని నా టిప్పర్ సీట్లో కూర్చోబెట్టి వెళ్లిపోయాను. టిప్పర్ వెనక ఏముందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఎక్కే ముందు ఆయన ఒక మాట అడిగాడు. నేను జవాబు చెప్పాను. ఆ జవాబులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. నాలుగేళ్లు దాటినా అన్నం ముందు కూర్చున్నప్పుడు నాకు అడ్డం పడేది ఆ చివరి సంగతే.

మా నాయనది గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య కిరాణా దుకాణం. మా తాతది కూడా అదే దుకాణం. నేను నడక నేర్చుకున్నది బియ్యం సంచుల మధ్య. మాటలు నేర్చుకున్నది బేరాల మధ్య. టమాటను ఏ వైపు తిప్పి పెడితే మచ్చ కనపడదో ఐదో తరగతికే తెలుసు. సంచి అడుగున మిగిలిపోయిన పాత కందిపప్పును కొత్త సంచిలో ఎంత పాళ్లలో కలిపితే కొనేవాళ్లు ముక్కు చిట్లించరో మా నాయన చూపు చెప్పేది. మా ఇంట్లో దాన్ని మోసం అనరు. 'సర్దుడు' అంటారు. పురుగు పట్టిన పప్పు అమ్మితే తప్పు, వాసన మారిన పప్పును కలిపి అమ్మితే సర్దుడు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మాకు బాగా తెలుసని మా నమ్మకం.

భూగర్భ గనులు ఒక్కొక్కటి మూతపడుతూ వచ్చాయి. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ఉన్నవాళ్లు పెద్ద మార్టులకు పోయి చల్లటి గాలిలో బుట్టలు తోసుకుంటూ సరుకులు తెచ్చుకోవడం నేర్చుకున్నారు. నేను డిగ్రీ మూడో ఏడాదికి వచ్చేసరికి దుకాణం ఇంటి తిండికి సరిపోతే గొప్ప. కాలేజీ ఫీజుకు వేరే దారి చూసుకోవాలని నాయన చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పడం.

నాకు బండి నడపడం వచ్చు. సరుకు తేవడానికి ఒకప్పుడు మాకో ట్రాలీ ఆటో ఉండేది. హెవీ లైసెన్సు తీసుకుని, రెండు టిప్పర్లున్న ఒక ఓనరు దగ్గరికి పోయాను. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకానే నడుపుతాననీ, తర్వాత కాలేజీకి పోతాననీ, సెలవుల్లో పూర్తి డ్యూటీ చేస్తాననీ షరతు పెట్టాను. అరగంట బేరమాడేందుకు సిద్ధపడి పోయినవాణ్ని. ఆయన మొదటి మాటకే సరే అన్నాడు. దుకాణంలో ఎవరైనా చెప్పిన ధరకే కొనుక్కుపోతే, తక్కువ చెప్పామని మేం రాత్రంతా బాధపడతాం. ఆ రోజు నాకు ఆ బాధ కలగలేదు. నా తెలివికి లొంగిపోయాడనుకున్నాను.

పని తేలికగా కనపడేది. ఊరి బయట ఒక ప్రైవేటు వ్యాపారికి బొగ్గు ప్లాటు ఉంది. అక్కడ కుప్పలుగా పోసిన బొగ్గును నింపుకుని, పది కిలోమీటర్ల అవతల, గూడ్సు బండ్లు నింపే రైల్వే సైడింగు పక్కనున్న యార్డులో గుమ్మరించి రావాలి. పొద్దున్నే ప్లాటుకు వచ్చిన బండ్లకు వరసగా నంబర్లిస్తారు. దాన్ని సీరియల్ అంటారు. ముందు సీరియల్ కోసం డ్రైవర్లు బండ్లలోనే పడుకుంటారు. నేను ఇంటి నుంచి వచ్చేసరికి నా ముందు పదిహేను బండ్లుండేవి. ఆ లెక్కన ఒక ట్రిప్పు కొట్టి కాలేజీకి చేరేటప్పటికి మధ్యాహ్నం అయ్యేది.

ఓనరు రెండో బండిని నడిపేది ఒక పెద్దాయన. యాభై దాటిన మనిషి. ఆయన తండ్రి బాయి లోపల బొగ్గు తవ్వి రిటైరయ్యాడు. ఈయన ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. అందరూ ఆయన్ని కాక, అంటే చిన్నాయన, అనేవాళ్లు, నేనూ అన్నాను. ఇంజను తిప్పే ముందు కళ్లు మూసుకుని అర నిమిషం ప్రార్థన చేసుకునేవాడు. ఆదివారం ఎంత కిరాయి ఇస్తానన్నా చర్చి వదిలాక గాని బండి ముట్టడు. లోడు మీద ఉన్నప్పుడు బ్రేకు ఎంత ముందుగా తొక్కాలో, దిగుడులో గేరు ఎందుకు తియ్యకూడదో నాకు నేర్పినవాడు ఆయనే. నన్ను ఆయన 'సేటు' అని పిలిచేవాడు. వెక్కిరింతగానే మొదలుపెట్టాడు, తర్వాత అదే నా పేరైపోయింది.

గడ్డపార సంగతి కూడా ఆయనే నేర్పాడు.

బొగ్గుకు ఎవరూ నిప్పు పెట్టనక్కర్లేదు. నెలల తరబడి కుప్పలో పడి ఉంటే, ఎండాకాలంలో గాలి లోపలికి చేరి అది తనంత తానే వేడెక్కుతుంది. పైకి ఏమీ తెలియదు. ముందు సన్నగా కిరోసిన్ లాంటి వాసన వస్తుంది. పొగ కనపడే వేళకు లోపల ఎప్పుడో రాజుకుని ఉంటుంది. అందుకని మా దారిలో డ్రైవర్లకు ఒక పద్ధతి ఉండేది. లోడు నింపాక, పైన టార్పాలిన్ కట్టకముందు, బండి మీదికెక్కి ఆరడుగుల గడ్డపారను బొగ్గులో దించాలి. పోయి చాయ్ తాగాలి. వచ్చి గడ్డపార పీకి, లోపల ఉన్న కొసను పిడికిట్లో పట్టుకుని పది లెక్కపెట్టాలి. పది దాకా పట్టుకోగలిగితే బండి కదలొచ్చు. లేకుంటే లోడు అక్కడే గుమ్మరించాలి. సీరియల్ పోతుంది, ట్రిప్పు పోతుంది. అయినా గుమ్మరించేవాళ్లు. ఇది ఏ ఆఫీసువాళ్లూ పెట్టిన రూలు కాదు. ఎక్కడా రాసి లేదు.

ఇంకొకటి ఉంది, దానికంటే గట్టిది. ఒకరి లోడు బండిని ఇంకొకరు తీసుకోవాల్సి వస్తే, ఎక్కేవాడు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: గడ్డపార పెట్టినవా? పెట్టిన, సల్లగుంది అని జవాబొస్తే ఇంకో మాట ఉండదు. పైకెక్కి చూడరు. ఎక్కి చూశాడంటే ఎదుటివాణ్ని అబద్ధాలకోరు అన్నట్టే. అట్లా చూసినందుకు ఇద్దరు బావమరుదులు ఏడాది మాట్లాడుకోలేదని కాక చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. మా దుకాణంలో తరాజును పది మంది పది సార్లు తొంగి చూసేవాళ్లు, మేం ఎన్నడూ కోపం తెచ్చుకోలేదు.

ప్లాటు చివర గోడవారగా ఒక పాత కుప్ప ఉండేది. చలికాలం నుంచీ అట్లాగే పడి ఉంది. మిగతా బొగ్గు నల్లగా మెరిస్తే, ఇది బూడిద రంగు తిరిగి, పొడిపొడిగా, చచ్చినట్టుండేది. దాని దగ్గర లైను ఉండేది కాదు. ఏప్రిల్ వచ్చేసరికి దాని దరిదాపుల్లో నిలబడితే ముక్కుకు వాసన తెలిసేది. డ్రైవర్లు దాని వైపు చూసేవాళ్లు కూడా కాదు. నేను చూశాను. లైను లేని కౌంటరు కనపడితే మావాళ్ల కాళ్లు అటే పోతాయి.

ప్లాటులో బకెట్ బండితో బొగ్గు ఎత్తి పోసే ఆపరేటరు బెల్లంపల్లి మనిషి. నా కంటే నాలుగేళ్లు పెద్ద. మాటల్లో వరస కలుపుకుని నన్ను బావ అనేవాడు. పాత కుప్ప నుంచి నింపుకుంటే ముందు సీరియల్ ఇప్పిస్తావా అని అడిగాను. దాన్నెట్లాగైనా వదిలించమని వ్యాపారి రోజూ అతని ప్రాణం తీస్తున్నాడట. సంతోషంగా ఒప్పుకున్నాడు. మొదటి రోజు పూర్తిగా పాతదే పోశాడు. గడ్డపార దించి, చాయ్ తాగి వచ్చి పట్టుకుంటే మూడు కూడా లెక్కపెట్టలేకపోయాను. లోడు గుమ్మరించాను. యార్డులో ఉండే క్లర్కు కూడా వాసన వస్తే బండి తిప్పి పంపుతాడు.

అప్పుడు నాకు మా నాయన దుకాణం గుర్తొచ్చింది.

అడుగున రెండు బకెట్లు పాతది పొయ్యమన్నాను. పైన కొత్త బొగ్గు నింపమన్నాను. ఆపరేటరు ఒక నిమిషం నా ముఖం చూసి, "ఏమన్న అయితదా బావా?" అన్నాడు. గింత పాతది గంత కొత్తదాంట్ల కలిస్తే ఏమైతది, సల్లారిపోతది అన్నాను. పప్పు గురించి మాట్లాడే గొంతుతోనే అన్నాను. అతను నమ్మాడు. అంతకంటే ఘోరం, నేనూ నమ్మాను. పైన పోసిన కొత్త బొగ్గు కింది వేడిని చల్లార్చదు, దుప్పటిలా కప్పి పెంచుతుంది. ఈ మాట ఆ ప్లాటులో ఏ డ్రైవరును అడిగినా చెప్పేవాడు. అడిగితే నా కిటుకు బయటపడేది.

ఆ రోజు నుంచి నాకు రోజూ మొదటి సీరియల్. వ్యాపారికి కుప్ప తరుగుతోంది, ఆపరేటరుకు తిట్లు తప్పాయి, నాకు తొమ్మిదిన్నరకల్లా రెండు ట్రిప్పులు. యార్డు క్లర్కు పైనున్న మెరుపు చూసి లోపలికి వదిలేవాడు. ముగ్గురికీ లాభమున్న బేరం కుదిర్చానని చాయ్ తాగుతూ నాలో నేనే భుజం తట్టుకునేవాణ్ని. ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా. గడ్డపార నేను ఒక్కరోజు కూడా మానలేదు. అందరూ చూస్తుండగా పైకెక్కి దించేవాణ్ని. దాన్ని బొగ్గు సగం లోతు దాటి దించేవాణ్ని కాదు. కొత్త బొగ్గులో దిగి, చల్లగా బయటికి వచ్చేది. పిడికిట్లో పట్టుకుని పది కాదు, ఇరవై లెక్కపెట్టేవాణ్ని.

కాక ఒకరోజు చాయ్ హోటల్ దగ్గర అడిగాడు.

"సేటూ, మేం బండ్లల్ల పండుకుంటె దొరకని సీరియల్ నీకు రోజూ ఎట్ల దొరుకుతాంది?"

"మాట మంచిగుంటె దొరుకుతది కాక."

"నీ మాట మంచిగుంటదని నాకు ఎరుకే. గందుకే అడుగుతున్న."

నవ్వాను. ఆయన నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి తన బండి వైపు నడిచాడు.

మే నెల వచ్చింది. రామగుండం ఎండ సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి గాని, మాకు పొద్దున ఏడు గంటలకే ఇనుము ముట్టుకోబుద్ధి కాదు. కొన్ని సంగతులు నా కంటపడుతూనే ఉన్నాయి. నా టిప్పర్ తొట్టి కింది అంచున రంగు బుడగలు లేచి పెచ్చులుగా రాలుతోంది. పాత బండి, రాలుతుంది అనుకున్నాను. సైడింగు దగ్గర లైన్లో ఆగినప్పుడు ఊరకుక్కలు లారీల కింద నీడకు చేరతాయి. కాక బండి కింద మూడు పడుకునేవి. ముందు బండి కింద, వెనక బండి కింద పడుకునేవి. నా బండి కిందికి వచ్చి, ముక్కు పైకెత్తి, లేచి పోయేవి. కుక్కలకు కూడా నా మీద నమ్మకం లేదని ఆపరేటరుతో జోకు వేశాను. అతను నవ్వడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

ఆ నెల మధ్యలో నా చివరి పరీక్ష. బిజినెస్ లా. పది గంటలకు. అదొక్కటి రాస్తే డిగ్రీ అయిపోతుంది, తప్పితే ఇంకో ఏడాది స్టీరింగు. ఆ రోజు బండి తీయకుండా ఉండాల్సింది. ఒక్క ట్రిప్పే కదా, ఎనిమిదికల్లా అయిపోతుంది అనుకున్నాను. ఒక పూట ఊరికే పోనివ్వడం మాకు చేతకాదు.

ఆ రోజు ఆపరేటరు ఆలస్యంగా వచ్చాడు. మొదటి సీరియల్ కాకకు పోయింది, నాది ఆరోది. నింపడం అదే పద్ధతి, అడుగున రెండు బకెట్లు. కుప్పలో బాగా లోపలి భాగం అది. బకెట్ ఎత్తినప్పుడు సన్నటి ఆవిరిలాంటిది లేచింది. తెల్లవారి మంచు తేమ అని ఆపరేటరు అన్నాడు. మే నెలలో మంచేమిటని నేను అడగలేదు.

సైడింగుకు చేరేసరికి గేటు మూశారు. లోపల గూడ్సు బండి ఇంకా కదలలేదు, యార్డులో చోటు లేదు, ఎప్పుడు తీస్తారో చెప్పలేం అన్నారు. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. లోడు బండిని నిలబెట్టి వదిలిపోవడానికి లేదు. లైను కదిలితే వెనకవాళ్లు ఆగిపోతారు. నేను దిగి బండి చుట్టూ తిరిగాను. తొట్టి పక్క రేకు మీద అరచెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. ఎండ కదా అనుకున్నాను. రెండో వైపు నీడ ఉంది. అటు పోయి అక్కడా పెట్టాను.

నీడ వైపు ఎక్కువ వేడిగా ఉంది.

ఆ క్షణం నాకు అంతా తెలుసు. తర్వాత ఎవరికి ఏమి చెప్పుకున్నా, నాకు నేను ఎన్ని రకాలుగా చెప్పుకున్నా, అరచెయ్యి తీసిన క్షణానికి నాకు తెలుసు. చేయాల్సింది కూడా తెలుసు. బండిని లైనులోంచి తీసి, దూరంగా ఖాళీ జాగాలో గుమ్మరించాలి. గుమ్మరిస్తే అడుగున ఏముందో లైన్లో ఉన్న ప్రతి డ్రైవరూ చూస్తాడు. యార్డు వాళ్లు వస్తారు, ఓనరు వస్తాడు. పది గంటలు దాటిపోతుంది.

అప్పుడే కాక ఖాళీ బండితో గేటులోంచి బయటికొచ్చాడు. గేటు మూసేముందే లోపలికి పోయిన బండ్లలో ఆయనది ఒకటి. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పరీక్ష సంగతి చెప్పాను. తన బండి పక్కన పెట్టి నా బండి ఎక్కమని, లైను కదిలాక గుమ్మరించమని బతిమాలాను. బతిమాలడం కూడా నాకు బేరమే. సాయంత్రం ట్రిప్పులు నేను కొడతానన్నాను. ఆయన అదేమీ వినలేదు. బండి పక్కకు పెట్టి దిగివచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గడ్డపార పెట్టినవా?"

"పెట్టిన కాక. సల్లగుంది."

ఆయన నా కళ్లలోకి చూశాడో లేదో నాకు గుర్తు లేదు, నేను గడియారం చూస్తున్నాను. ఇంకో మాట కూడా నేనే చెప్పాను. వెనక తలుపు ఎడమ కొక్కెం బిగుసుకుపోయింది, అది లివరుతో ఊడదు, దిగి చేత్తో గుంజాలని. పని తెలిసినవాడిలా, బాధ్యత గలవాడిలా చెప్పాను.

"జల్ది పో. మంచిగ రాయి," అన్నాడు.

రోడ్డు మీద ఆటో దొరికింది. వెనక్కి తిరిగి చూశాను. నా బండి టార్పాలిన్ మీద గాలి వణుకుతోంది. మిగతా బండ్ల మీద కూడా వణుకుతోంది. అంత ఎండలో అన్నీ వణుకుతాయి. ఆటో మలుపు తిరిగేదాకా ఏ బండి మీద ఎక్కువ వణుకుతోందో పోల్చి చూస్తూనే ఉన్నాను.

పరీక్షలో మోసం మీదా, దాచిపెట్టి అమ్మడం మీదా ప్రశ్న వచ్చిందని రాస్తే బాగుండేది. రాలేదు. చెక్కుల మీద వచ్చింది, భాగస్వామ్యం మీద వచ్చింది. అన్నీ రాశాను. అదనపు కాగితాలు కూడా తీసుకున్నాను. డిగ్రీ మొత్తంలో నాకు ఎక్కువ మార్కులు వచ్చింది ఆ పేపరులోనే. మధ్యలో ఒకటి రెండుసార్లు నా అరచెయ్యి చూసుకున్నాను, అంతే.

ఒంటి గంటకు బయటికొచ్చి ఫోను తెరిస్తే ఓనరు నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. వాటి కింద ఆపరేటరు పంపిన మెసేజి ఒకటి.

'బావా, నా పేరు చెప్పకు.'

ఏం జరిగిందో ఎవరూ చెప్పకముందే ఆ నాలుగు మాటలతో తెలిసిపోయింది.

ఓనరుకు ఫోను చేస్తే దవాఖానకు రమ్మని, మిగతాది చెప్పాడు. పదిన్నరకు గేటు తీశారట. కాక బండిని వెనక్కి పెట్టి, దిగి, ఎడమ కొక్కెం చేత్తో గుంజాడట. తలుపు తెరుచుకోగానే బొగ్గు జారింది. లోపల ఎర్రగా ఉన్నదానికి ఒక్కసారిగా గాలి తగిలింది, పొడి భగ్గుమంది. మంట ఎంతోసేపు లేదట. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

దవాఖానలో మంచం మీద ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు కట్టి, దిండ్ల మీద పెట్టి ఉన్నాయి. ముఖానికి మందు పూశారు. కనుబొమ్మలు లేవు. కనుబొమ్మలు లేని మనిషి ముఖంలో ఏముందో చదవడం కష్టం. దుకాణానికొచ్చే గిరాకీ ముఖం చదవడంలో మొనగాణ్ని అనుకునేవాణ్ని, నాకేమీ తెలియలేదు. కాక భార్య చిన్నమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెను నేను ఎప్పుడూ అట్లాగే పిలిచేవాణ్ని. ఆ రోజు పిలవలేకపోయాను. ఆమె లేచి, నాకు స్టూలు ఇవ్వకుండా, బయటికి వెళ్లింది.

"రాసినవా?" అన్నాడు.

"రాసిన కాక."

"మంచిది."

కళ్లు పైన ఫ్యాను వైపు తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"బొగ్గు జారుతుంటె చూసిన. పైన నల్లగ, అడుగున తెల్లగ. రెండు కుప్పలది. గోడ పొంటి కుప్పది గదా?"

అవునన్నాను.

"నువ్వు అబద్ధం చెప్పలే. నేనే తక్కువ అడిగిన. ఎంత లోతు పెట్టినవని అడగాలె. ముప్పై ఏండ్లు గింత తక్కువ అడుగుకుంట తిరిగిన."

తిడితే తట్టుకునేవాణ్ని. తిట్టుకు ఎదురు చెప్పడమో, కాళ్లు పట్టుకోవడమో ఏదో ఒకటి చేసేవాణ్ని. దీనికి ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఓనరుకు చెప్పావా అని అడిగాను.

"చెప్పలే. గడ్డపార చూసుకోలేదని నన్నే అంటున్నడు. అననీ. నీ సరుకు నువ్వే చెప్పుకోవాలె సేటూ."

ఓనరు వరండాలో ఉన్నాడు. పోయి అంతా చెప్పాను. పాత కుప్ప, రెండు బకెట్లు, నీడ వైపు రేకు, అన్నీ. ఆపరేటరు పేరు అడిగాడు, చెప్పలేదు. అది తప్ప ఏమీ దాచలేదు. నా మీద చెయ్యి చేసుకుంటాడనుకున్నాను. ఆయన ఇటూ అటూ చూసి, నన్ను మెట్ల కిందికి తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. డ్రైవరు చూసుకోలేదు, ప్రమాదం జరిగింది అని యార్డులో ఇప్పటికే రాసి ఇచ్చాడట. తెలిసి వేడి బొగ్గు నింపామని తేలితే బీమా రాదు, ప్లాటు దారి మూసుకుపోతుంది, రెండు బండ్లూ ఇంటి ముందు నిలబడతాయి.

"నాకు చెప్పినవు, మంచిది. ఇంకెవ్వలకు చెప్పకు. ముసలాయన దవాఖాన ఖర్చు నేను చూసుకుంట. నువ్వు పైచదువు చదువుకుంటనంటె ఆ ఫీజు సుత నాదే. ఫికర్ చెయ్యకు."

నా జీవితంలో నేను అడగకుండా వచ్చిన అతి పెద్ద బేరం అది. ఎంతటి అలవాటంటే, నా బుర్ర అప్పటికే లోపల తూకం వేయడం మొదలుపెట్టింది. ఆయన ఖర్చులు భరిస్తే కాకకూ మేలే కదా అని కూడా అంది. తప్పు కాకది అని రాసి ఉన్న కాగితం ఎక్కడో ఒక ఫైలులో ఉంటుంది, అంతేగా అంది. ఆ కాగితం ఉన్న మనిషికి మళ్లీ ఎవరూ బండి ఇవ్వరని నాకు తెలుసు. చేతులు మానినా ఇవ్వరు. ఆలోచించుకుంటానని చెప్పి వార్డులోకి తిరిగి వచ్చాను. కాక నా కాళ్ల చప్పుడు గుర్తుపట్టి కళ్లు తెరిచాడు.

"ఎంతకు ఒప్పుకున్నవ్?" అన్నాడు.

అడిగిన గొంతులో కోపం లేదు. సరుకు ధర అడిగినట్టే అడిగాడు. నేను అక్కణ్నుంచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆరింటికి ప్లాటు దగ్గరి చాయ్ హోటలుకు పోయాను. ఆ వేళకు డ్రైవర్లందరూ అక్కడే ఉంటారు. పదిహేను, పదహారు మంది. అప్పటికే మాట్లాడుకుంటున్నది కాక గురించే. ముసలితనం వచ్చింది, చూపు తగ్గింది, గడ్డపార పీకి చూసుంటే గిట్ల కాకపోవు అని ఒకరు అంటున్నారు. హోటలాయన నా చేతిలో గ్లాసు పెట్టాడు. నేను కూర్చోలేదు. కాక చేతులు కాలింది నా వల్లనని, అడుగున గోడవార కుప్ప పోయించింది నేనేనని, గడ్డపార చల్లగా వచ్చేది అందుకేనని చెప్పాను. దుకాణంలో గిరాకీకి ధర చెప్పినంత గట్టిగా చెప్పాను. ఓనరు ఇస్తానన్నది కూడా చెప్పాను.

ఎవరూ మీదికి రాలేదు. ఒక నడివయసు డ్రైవరు, నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు, లేచి నా ముందుకొచ్చాడు.

"ఎన్ని రోజుల సంది?"

నెల దాటిందన్నాను.

"రోజూ లైన్ల నా ముంగటనే బండి పెట్టెటోనివి," అన్నాడు.

బల్లల మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరెవరు ఏ రోజు నా బండి వెనక నిలబడ్డారో, ఎవరు దాని నీడన కూర్చుని బీడీ వెలిగించుకున్నారో తలుచుకుంటున్నారని నాకు అర్థమైంది. నాకు కూడా ఒక్కొక్కరు గుర్తొస్తున్నారు. ఇద్దరు లేచి తమ బండ్ల దగ్గరికి పోయారు. నడివయసు డ్రైవరు నా చేతిలోంచి చాయ్ గ్లాసు తీసుకున్నాడు. అందులో ఉన్నది నేల మీద పోసి, గ్లాసును హోటలాయన ముందు బోర్లించి పెట్టాడు.